దొర సీసా, కామయ్య నాలుక

నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట వీధిలో కాపురముంటున్న గుండాల వరదయ్య పెద్ద కొడుకు మాల్యాద్రి అనే నేను, అరవై మూడేళ్ల వయసులో, బుద్ధి సక్రమంగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా ఇది. నోటితో చెప్పి రాయించే యోగం నాకు లేదు. నాలుక మీద పుండు క్యాన్సరని తేల్చి మద్రాసు డాక్టర్లు సగం కోసేశారు. మిగిలిన సగం మాటకూ పనికిరాదు, రుచికీ పనికిరాదు. ఒంట్లో ఇన్ని చోట్లుండగా దేవుడు వెతికి వెతికి నాలుకనే పట్టుకున్నాడు. ఎందుకో నాలుగో అంశంలో రాశాను. నాకిక ఎక్కువ రోజులు లేవు, ఉండాలనీ లేదు.

1. నేను కాపురముంటున్న ఇల్లు, దొడ్డి, అందులోని సామాను నా తదనంతరం నా భార్య ఆదిశేషమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె ముప్పై ఎనిమిదేళ్లు వండిపెట్టింది. ప్రతి ముద్దకూ ఉప్పు చాలలేదనీ కారం ఎక్కువైందనీ వంక పెట్టాను. ఇప్పుడు చెంచాతో గంజి పోసి, ఎలా ఉందో చెప్పమన్నట్టు నా మొహంలోకి చూస్తుంది. నేను చెప్పలేను. ఆమె వంట ఎప్పుడూ బాగానే ఉండేదని ఇందుమూలంగా దస్తావేజు మీదనే ఒప్పుకుంటున్నాను.

2. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా మిత్రుడు, కొయ్య చెంచాలు చెక్కే పీర్ సాహెబుకు అప్పగిస్తున్నాను. అతని ఇనప్పెట్టెలో నాదొక సీసా ఉంది. 1946 నుంచి గూడూరు దగ్గర అభ్రకం గనిలో ఒక ఐర్లండు దొరకు వంటవాడిగా చేశాను. ఇంగ్లీషు దొర అంటే అతనికి కోపం. 1968లో దేశానికి వెళ్లిపోతూ తన దేశపు విస్కీ ఆరు సీసాలు నాకిచ్చాడు. ఐదు ఖర్చయ్యాయి. ఆరోది మూత తియ్యకుండా పీర్ సాహెబు దగ్గర దాచాను. అతను తాగడు కాబట్టి దాచాను. పిల్లికి పాలు ఎవరు అప్పగిస్తారు? ఆ రోజు అతను సీసాను వెలుతురులో తిప్పి చూసి, "దీని కోసరం ఇంత పెట్టె కావాల్నా మాల్యాద్రీ, ఇంత భద్రంగా చూసుకోవాల్సింది మనుషుల్ని గదా" అన్నాడు. అప్పుడు నవ్వాను. విస్కీ కొలవడానికి అతను చెక్కి ఇచ్చిన చిన్న చెంచా తిరిగి అతనికే చెందాలి.

3. దొర ఆ విస్కీలో రెండు చెంచాల నీళ్లు తప్ప ఏదీ కలపనిచ్చేవాడు కాదు. మూడు మార్లు కాచి దించుతారనీ, అందుకే పొగ వాసన రాదనీ, తేనె రుచి వెనకాల వస్తుందనీ చెప్పేవాడు. ఆ మాటలన్నీ నేను వల్లించాను. ఆత్మకూరులో ఉండే నా బావమరిది రామనారాయణ అందులో గోలీ సోడా పోసుకుంటే గ్లాసు లాక్కున్నాను. "నా నోరు, నా ఇష్టం బావా" అన్నాడు. అతనిదే న్యాయం. నిజానికి నాకు ఏ తేనే తగల్లేదు. వంటింట్లో ఎవరూ చూడకుండా బెల్లం టీలో కలుపుకుంటేనే బాగుండేది. దొర రుచిని నా రుచిగా చెప్పుకుని ఇన్నేళ్లు పెద్దమనిషిగా తిరిగాను.

4. నా తమ్ముడు కామయ్య సంగతి. ఐదో సీసా అయిపోయాక కూడా 'దొర సీసా' రుచి చూపించమని పెద్దలు అడుగుతూనే ఉన్నారు. లేదంటే నా పరువేం కాను? ఖాళీ సీసాలో బట్టీ సారాయి పోసి, మాడ్చిన చక్కెరతో రంగు తెచ్చి పెట్టాను. తాగిన ప్రతివాడూ తేనె రుచి వచ్చిందన్నాడు. 1974లో రామనారాయణ కూతురి నిశ్చితార్థంనాడు కామయ్య ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, ఇది దొరది కాదు. బట్టీ సరుకు" అన్నాడు. నన్ను అవమానించాలని కాదు, ఎవరో నన్ను మోసం చేశారనుకుని చెప్పాడు. నేను అందరి ముందూ, "సారాయి నాలుకకు అమృతం పోసినా సారాయే" అన్నాను. గదంతా నవ్వింది.

వాడు లేచి వెళ్లిపోయాడు. భార్య పెంచలమ్మ ఊరు సీతారామపురంలో కాపురం పెట్టాడు. సారాయి నాలుక అనే పేరు వాడికంటే ముందే ఆ ఊరు చేరింది. ఒక్కసారి బస్సెక్కి వెళ్లి నిజం చెప్పి ఉంటే సరిపోయేది. ఎనిమిదేళ్లు వెళ్లలేదు.

1982లో దొంగ సారాయి తాగి, ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకొస్తుంటే బస్సులోనే పోయాడు. పదకొండో రోజున పెంచలమ్మ నాతో చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మొదటి గుక్కకే రుచి తేడాగా ఉండాదన్నాడు బావా. పారబొయ్యమన్నాను. నా నాలుకను నేనే నమ్మేదేంది, మా అన్నే కాదన్నాడు గదా అని మిగతాది తాగేసినాడు."

ఆమె నన్ను తిట్టలేదు. ఆమెకు సీసా సంగతి తెలియదు. తిట్టి ఉంటే బతికేవాడిని.

5. సీతారామపురం దారిలోని నా రెండెకరాల మెట్ట కామయ్య కొడుకు చెంచురామయ్యకు దానవిక్రయాది హక్కులతో దఖలు పరుస్తున్నాను. నాకు పిల్లలు లేరు. ఉన్నా అతనికే ఇచ్చేవాడిని. ఇది ప్రాయశ్చిత్తం కాదు, దీనికి ప్రాయశ్చిత్తం లేదు. ఆరో సీసా కూడా అతనిదే. తండ్రి పోయాక అతను ఆ వాసనే దగ్గరికి రానివ్వడని తెలుసు. పారబోసినా, రాయికేసి కొట్టినా అడిగే హక్కు ఎవరికీ లేదు.

6. నా పదకొండో రోజున, ఆనాడు ఆ గదిలో ఉన్నవాళ్లందరినీ పిలిపించి, పెంచలమ్మ ఎదుట పీర్ సాహెబు నాలుగో అంశం పూర్తిగా చదవాలి. చదివిన తర్వాతే విస్తళ్లు వెయ్యాలి. ఆమె లేచి వెళ్లిపోతే ఎవరూ ఆపవద్దు. కామయ్య చెప్పిందే నిజం. అది సారాయే.

తేదీ: 14-11-1986, శుక్రవారం, ఉదయగిరి.

(సంతకం) గుండాల మాల్యాద్రి, కామయ్య అన్న

సాక్షులు:
1. షేక్ ఖాదర్ బాషా, టైలరు, ఉదయగిరి.
2. బత్తల రామనారాయణ, ఆత్మకూరు. ఆ రోజు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. నాకూ అది సారాయని అప్పుడే తెలిసింది.