శనక్కాయలు పీకేదెవురప్పా?

అమ్మా,

నేను బాగుండా, దిగులు పడొద్దు. ఫోన్ చేస్తే అన్నే ఎత్తి అరుస్తాండాడు, అందుకే ఈ కార్డు. పోస్టాయన చదివి వేంపల్లెంతా చెప్పినా సరే. మొన్న ఈడ కర్నూల్లో మన సీమ మీద తీసిన కొడవళ్ల సినిమా చూసి బయటికొస్తే, యూట్యూబోళ్లు మైకు పెట్టి ఎట్లుండాదని అడిగినారు. "ఇంతమందిని నరికితే శనక్కాయలు పీకేదెవురప్పా?" అంటి. అన్న ఆ సినిమా హీరో అభిమాన సంఘానికి ప్రెసిడెంటు గదా, తప్పయిందని ఇంగో వీడియో పెట్టమంటాండాడు. పెట్టను. దయ్యం సినిమాకు నవ్వొచ్చింది, ప్రేమ సినిమాకు నిద్దరొచ్చింది, ముసలి మొగుడూపెండ్లాల సినిమాకు వెక్కివెక్కి ఏడ్చినా. అడిగితే అదీ చెప్తా.

అన్నంలోకి చింతొక్కు పంపు. ఫాతిమా బీ అత్తకు సలాం చెప్పు. నాయన కొడవలికి కొత్త పిడి ఏసినాడా? ఆ కొడవలి ఇన్నేండ్లలో ఎనుములకు సొప్ప తప్ప ఏం కోసిందో అన్ననే చెప్పమను.

నీ బిడ్డ
మధులత