నీళ్ళు వదిలే ముందు

మార్చి 14, ఆదివారం మధ్యాహ్నం

బావగారికి నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు, మా చెల్లెలు, పిల్లవాడు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఇదిగో, ఈ పాటి రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. నీకు 'గారు' తగిలిస్తుంటే నాకే నవ్వొచ్చింది. మా చెల్లెలి మొగుడివి కాకముందే ఆరేళ్ళపాటు నా టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నవాడివి. తొమ్మిదేళ్ళ తర్వాత రాస్తున్నా సరే, ఇక నువ్వనే రాస్తాను. కోపమొస్తే చించెయ్, కానీ చివరిదాకా చదివి చించు.

ముందు కబుర్లు. ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఓడల కింద నీళ్ళు తోడించడం, మళ్ళీ వదలడం, ఇదే నా బతుకు. రోజంతా ఇంట్లో ఉంటే కుళాయిలు తిప్పుకుంటూ కూర్చుంటానేమోనని మీ అక్కయ్యకి అప్పుడే బెంగ పట్టుకుంది. పెద్దమ్మాయి నర్సుగా చేరింది. చిన్నది నీలాగే, గోడ కనిపిస్తే చాలు బొమ్మ గీసేస్తుంది. పొట్టి వెల్డరుకి కళ్ళజోడొచ్చింది, నాలుక పదును మాత్రం తగ్గలేదు. క్రేను తాత పోయాడు. పోయే ముందు వారం చూడటానికి వెళితే నీ గురించే అడిగాడు.

మొన్న చిన్నది మన పని గురించి అడిగితే చెప్పాను. ఓడని పెద్ద గుంటలోకి తెచ్చి, గేటు మూసి, నీళ్ళు తోడేస్తే అది చెక్క దిమ్మల మీద కూర్చుంటుందని, బాగుచేశాక వాల్వు తిప్పి నీళ్ళు వదిలితే తేలి వెళ్ళిపోతుందని. నీళ్ళు వదిలేటప్పుడు అడుగున ఎవరైనా ఉండిపోతే ఎలా నాన్నా అంది. పేర్ల పట్టీ చూసి ఒక్కొక్కరినీ నేను గట్టు మీంచి గొంతెత్తి పిలిచేవాణ్ణని, వాళ్ళు పైకొచ్చి 'పైనున్నా' అని ఎవరి నోటితో వాళ్ళు పలకాలని, ఒకడి బదులు ఇంకొకడు పలికితే ఆ పూట ఇద్దరినీ ఇంటికి పంపేవాళ్ళమని చెప్పాను. ఇప్పుడదేమీ లేదు. కార్డు గీకి దిగుతారు, గీకి ఎక్కుతారు. ఒక్క కార్డు తక్కువైనా వాల్వు కదలదు. మంచి పద్ధతి.

ఆ రోజు గురించి మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అసలు అప్పటికే పదకొండు రోజులుగా మనకి మాటల్లేవు. సెలవు రోజున ముచ్చటపడి పంపుహౌసు తలుపుకి నేనే రంగేసుకుంటే, తలుపుకి తట్టు పోసినట్టుందని నువ్వు అందరి ముందూ అన్నావు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. బావల మధ్య ఎకసెక్కాలు మామూలే. నాకే ఆ పూట ఎందుకో ఒళ్ళు మండింది.

ఇక నీళ్ళు వదిలిన ఆ రోజు, నువ్వు ఓడ అడుగున, దిమ్మల వెనక వెల్లకిలా పడుకుని, అరచేయంత జాగా మిగిలిపోయిందని ఆఖరి పూత వేస్తున్నావు. నేను పట్టీ మూసి వాల్వు చక్రం తిప్పాను. మన గుంటలోకి నీళ్ళు మెల్లగా రావు కదా, అడుగు కాలవల్లోంచి ఒక్కసారిగా దూకుతాయి. ఆ హోరులో ఎవరి అరుపూ వినపడదు. ముందు నీ రంగు డబ్బా తేలుతూ ఓడ పక్కనుంచి బయటికొచ్చింది. తాత క్రేను మీంచి ఎర్రగుడ్డ ఊపాడు. ఆ చక్రం పూర్తిగా మూయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు నేను ఎలా బతికానో ఇప్పటికీ తెలియదు. పొట్టి వెల్డరు దూకి, నిచ్చెన పట్టుకుని గొంతు దాకా మునిగి ఉన్న నిన్ను పైకి లాగాడు. గట్టు మీద నీళ్ళు కక్కుతూ నువ్వు మొదట అడిగింది, నా చెప్పు ఒకటి పోయింది, ఎవరైనా చూశారా అని. అందరూ నవ్వుతూ ఏడ్చారు.

నేను పిలిచానని, నువ్వు పైకి రాకుండా అడుగునుంచే పలికావని విచారణలో రాసుకున్నారు. నీ పేరు పక్కన టిక్కు ఉంది మరి. నీ పని పోయింది. నెల తిరక్కుండా సామాను సర్దుకుని ఊరే వదిలేశావు. మీరు బస్సెక్కిన రోజు, డ్యూటీ ఉందని చెప్పి నేను పంపుహౌసులో దాక్కున్నాను.

ఈ నెల 31న నా చేతి మీదుగా చివరి ఓడకి నీళ్ళు వదులుతున్నాం. నువ్వొచ్చి నా పక్కన నిలబడాలి. ఇన్నేళ్ళలో నాతో ఎవరూ ఎకసెక్కమాడలేదు బావా. ఇంట్లో పెద్దవాణ్ణి, పనిలో సీనియర్ని, అందరూ గౌరవించేవాళ్ళే. ఆ గౌరవంతో ప్రాణం విసిగిపోయింది. నువ్వంటే నాకు ఎంత ఇష్టమో నువ్విక్కడ ఉండగా ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పిల్లవాడికి నా ముద్దులు.

ఇట్లు,
మాటలు దాచుకుని చెడిపోయిన
నీ బావ

తా.క. ఉత్తరం కవరులో పెట్టి, అంటించబోయి, మళ్ళీ తీశాను. అసలు సంగతి రాయనే లేదు.

ఆ రోజు నేను నిన్ను పిలవలేదు. పట్టీలో నీ వంతు వచ్చింది. పిలిస్తే నేనే ముందు దిగొచ్చి మాట కలిపినట్టవుతుందని నోరు తెరవలేదు. మిగతా పెయింటర్లందరూ పైనే ఉన్నారు కదా, నువ్వూ ఎక్కే ఉంటావులే అనుకుని టిక్కు పెట్టేశాను. విచారణలో మాత్రం పిలిచానని చెప్పాను. నువ్వు నా వైపు ఒక్కసారి చూసి, అవును పలికాను అన్నావు. ఎందుకన్నావని అడగను. అడిగితే ఏదో జోకేసి తప్పించుకుంటావు. రేపు పొద్దున ఇదంతా మేనేజరుగారికి రాసిస్తున్నాను. రిటైరయ్యాక చెబితే అది చెప్పినట్టు కాదు.

నువ్వు చెల్లెలికి చెప్పే ఉంటావని, అందుకే అది నా గడప తొక్కడం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిన్న ఫోను చేసింది. 31న రమ్మంటే ఏడ్చేసింది. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావన్నయ్యా, ఈయన నిర్లక్ష్యానికి నీ ఉద్యోగం కూడా పోవలసింది, ఆ మాట అని నేను దెప్పని రోజు లేదు, అయినా ఈ మనిషి ఒక్కనాడూ ఎదురు చెప్పడు అంది.

దానికి కూడా చెప్పలేదా బావా?

ఈ ఉత్తరం దాని చేతికివ్వు. తొమ్మిదేళ్ళు నిన్ను తిట్టింది చాలు, ఇక నన్ను తిట్టమను.