పాకం చప్పుడు

కృష్ణానగర్, హైదరాబాదు
19 ఆగస్టు, 1996

అమ్మకి,

శ్యామల నమస్కారాలు. నేనిక్కడ బాగున్నానని ముందుగా రాసేస్తున్నాను. ఉత్తరమంటే అలాగే మొదలవ్వాలని చిన్నప్పుడు నా చేయి పట్టుకుని రాయించింది నువ్వే కదా. నువ్వూ, నీ హాస్టలు పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరం నిండా ఉంది కాబట్టి ఆ మాట మళ్లీ అడగను. ఏడో తరగతి పిల్లకి గవదబిళ్లలు తగ్గాయో లేదో మాత్రం రాయడం మరిచిపోయావు.

నీ ఉత్తరం ఎప్పటిలాగే పరీక్ష పేపరులా ఉంది. ఇన్నేళ్లు ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా చేస్తే మనిషికి ప్రశ్నలు తప్ప మామూలు వాక్యాలు రావేమో. సరే, వరసగా చెప్తాను. గది కురవడం లేదు. ఇంటావిడ బుచ్చమ్మ గారు రేకుల మీద పట్టా పరిపించింది. వేళకి తింటున్నాను. నిద్ర కూడా బాగానే పడుతోంది, ఇంకా చెప్పాలంటే పగలు కూడా పడుతోంది. నువ్వు పంపిన మాగాయ సగం బుచ్చమ్మ గారే తినేసింది, మిగతా సగం కోసం నా ముఖంలోకి చూస్తోంది. శారదాదేవి గారు ఇచ్చిన ఆ కరెంటు పెట్టెతో ఏం వండుతున్నావని అడిగావు, అది వివరంగా రాస్తాను. ఇక ఆఖరి ప్రశ్న. ఫోను ఎందుకు చేయడం లేదు, ఆదివారం ఆదివారం ఫోనున్న అచ్యుతరామయ్య గారి ముందు గదిలో ఎంతసేపని కూర్చోను, నీ గొంతు విని రెండు నెలలు దాటింది అని రాశావు. దానికి జవాబుంది అమ్మా. రాయడానికి కాస్త ధైర్యం కావాలి. అది కూడగట్టుకునేలోపు వంట సంగతి చెప్తాను, కోప్పడకుండా చదువు.

శారదాదేవి గారు నీకు గుర్తే, జూబ్లీహిల్స్‌లో ఉండే నిర్మాత గారి భార్య. వాళ్ల సినిమాలో హీరోయిన్‌కి మాటలన్నీ నేనే చెప్పాను. నువ్వు రేపల్లెలో హాస్టలు పిల్లలందరినీ మ్యాట్నీకి తోలుకెళ్లి, తెర మీద ఆ అమ్మాయి నోరు తెరిచినప్పుడల్లా "అది మా శ్యామల గొంతే" అని చెప్పి, ముందు వరసవాళ్ల చేత చీవాట్లు తిన్న సినిమా. దాని వందరోజుల పండుగలో లైట్లు మోసినవాళ్ల దాకా అందరికీ షీల్డులిచ్చారు, డబ్బింగు చెప్పినవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆవిడకి మనసొప్పలేదు కాబోలు, మర్నాడు ఇంటికి పిలిచి ఈ మైక్రోవేవ్ చేతిలో పెట్టింది. ఆయనెప్పుడో సింగపూర్ నుంచి తెచ్చారట. వాళ్ల వంటాయన దాన్ని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడట. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆటోలో ఫిల్మ్‌నగర్ దిగుడంతా కదలకుండా పట్టుకుని వచ్చాను.

బుచ్చమ్మ గారు గడపలోనే నిలబడి చుట్టూ తిరిగి చూసింది. గీ టీవీల బొమ్మ రాదా అని అడిగింది. ఇది వండే పెట్టె అని చెప్తే, మంట లేకుండా వండింది కడుపులో ఎట్లా అరుగుతుందని ఆవిడ సందేహం. మొదటిరోజు నువ్వు నీ పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు గిన్నె అందులో పెట్టి పాలు కాద్దామనుకున్నాను. లోపల టపటపమని నిప్పురవ్వలు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని సందు చివరిదాకా పరిగెత్తింది. ఆ వయసులో అంత వేగం ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. స్టీలు పెట్టకూడదని పుస్తకంలో ఉంది, నేనే చదవలేదు. ఆ తర్వాత దాన్ని గుడ్డ కప్పి మూల పెట్టేశాను. ఈమధ్య తీరిక దొరికి మళ్లీ బయటికి తీశాను.

అందులో నేను చేసింది వేరుశెనగ అచ్చు. బుచ్చమ్మ గారి భాషలో పల్లీ పట్టి. ఇంత సులువుగా అవుతుందని నువ్వు నమ్మవు. పచ్చి పప్పు గాజు పళ్లెంలో పలచగా పరిచి లోపల పెట్టి, మధ్యలో ఒకసారి కలిపితే చాలు, కమ్మగా వేగిపోతుంది. గుడ్డలో వేసి నలిపి పొట్టు ఊదేయడమే. ఆ పొట్టు ఊదడం మాత్రం నాకు ఇప్పటికీ రాదు, సగం నా జుట్టులోనే పడుతుంది. తర్వాత గాజు గిన్నెలో తరిగిన బెల్లం, చెంచాడు నెయ్యి, రెండు చుక్కల నీళ్లు. తలుపు వేసి మీట నొక్కితే లోపల దీపం వెలుగుతుంది, గిన్నె దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. బెల్లం కరిగి, బుడగలు లేచి, పొంగుతుంది. మనలా కిరసనాయిలు స్టవ్వు ముందు కూర్చుని, చేయి పడిపోయేదాకా తిప్పే పని లేదు. ఒకటి రెండుసార్లు బయటికి తీసి కలిపి మళ్లీ పెట్టాలి, అంతే. గిన్నె మాత్రం చేతిగుడ్డ లేకుండా పట్టుకోకూడదు, నా బొటనవేలు సాక్ష్యం.

మొదటిసారి పాకం లేతగా ఉంటే పళ్లకి అంటుకుంది. రెండోసారి కళ్లు మూసి తెరిచేలోగా మాడింది. ఇందులో బెల్లం ముదరడం మొదలుపెడితే మనిషి మాట వినదు. మూడోసారి నువ్వు నేర్పినట్టే చేశాను. పాకం చుక్క ఒకటి చన్నీళ్లలో వేసి, గట్టిపడ్డాక తీసి పళ్లేనికేసి విసిరాను. ఖంగుమంది. ఆ చప్పుడు వింటే చాలు, పాకం కంటితో చూడక్కర్లేదని నువ్వంటావే, అదే చప్పుడు. పప్పు కలిపేసి, నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, అప్పడాల కర్రతో అదిమి, వేడి మీదే గాట్లు పెట్టాను. చల్లారాక ముక్కలు తెగిన తీరు చూస్తే నీకు ముచ్చటేసేది. సగం నేను తిన్నాను, సగం బుచ్చమ్మ గారు చప్పరించింది, నమలడానికి ఆవిడకి పళ్లు లేవు కనక.

ఇక్కడిదాకా వచ్చేసరికి నువ్వు కళ్లజోడు సవరించుకుని, చదవడం ఆపి ఉంటావు. వేరుశెనగపప్పా, అదీ బెల్లంతోనా, నువ్వు తిన్నావా అని. నాకు తెలుసు. ఒక్క గింజ తిన్నా గొంతులో గరగర, మైకు ముందు అది పిడుగులా వినిపిస్తుంది. ఈ పనిలోకి వచ్చిన దగ్గర్నుంచి నేను పల్లీ పచ్చడి ఉన్న విస్తరి వైపు కూడా చూడలేదు. నేనొస్తే నువ్వు ఇంట్లో ఆ పచ్చడి చేయడమే మానేశావు. పెళ్లిళ్లలో లడ్డు నా ఆకులోంచి తీసి నీ ఆకులో వేసుకునేదానివి, గొంతు జాగ్రత్త అంటూ.

తింటున్నానమ్మా. జాగ్రత్తగా చూసుకోవడానికి గొంతు లేదు.

జ్యేష్ఠమాసంలో ఒక దయ్యం సినిమాకి చెప్పాను. చివర్లో ఆ అమ్మాయి కొండ మీద నిలబడి అరుస్తుంది. డైరెక్టరు గారికి అరుపు చాలలేదు. ఇంకోసారి తల్లీ, ఇంకోసారి తల్లీ అంటూ పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అరిపించారు. సౌండు ఇంజనీరు త్రినాథరావు గారు అద్దం వెనక నుంచి వద్దని చేయి ఊపుతూనే ఉన్నారు. నేనే వినలేదు. నా వల్ల కాదంటే రేపు ఇంకొకర్ని పిలుస్తారని భయం. మర్నాడు పాలవాడు తలుపు కొట్టాడు. పాలు చాలు బాబూ అందామని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

డాక్టరు చూసి, స్వరపేటిక మీద చిన్న కాయలు లేచాయి, పూర్తిగా మౌనంగా ఉండమన్నారు. గుసగుసలు కూడా వద్దట, అవి ఇంకా చెరుపట. త్రినాథరావు గారు మంచాయన, మంచి కోరే ఒక మాట చెప్పారు. "ఊరెళ్లావని చెప్తానమ్మా. గొంతు పోయిందని ఒక్కడికి తెలిసినా నిన్ను మళ్లీ పిలవరు." అలా స్టూడియోల్లో అందరికీ నేను రేపల్లెలో నీ దగ్గరున్నాను. నీకేమో ఇక్కడ ఊపిరాడనంత పనిలో ఉన్నాను. ఈ రెండు అబద్ధాల మధ్య ఒక గదిలో కూర్చున్నాను. ఈ కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఎవరో ఒక డాన్సరో, మేకప్ మనిషో పలకరిస్తారు, అందుకని కూరలకి కూడా మోతీనగర్ దాకా పోతున్నాను. వేలితో చూపిస్తే వంకాయలు తూస్తారు. రోజంతా అంతే నా సంభాషణ.

పలక ఒకటి కొనుక్కున్నాను, దాని మీద రాసి చూపిద్దామని. తీరా బుచ్చమ్మ గారికి చదువు రాదు. ఆవిడ నేను మౌనవ్రతం పట్టానని తేల్చేసి సందంతా చాటింది. రాములు అని పక్కింటి ఆటో ఆయన మొన్న నాకు దండం పెట్టాడు కూడా. నవ్వొచ్చింది, నవ్వితే ఆ నవ్వుకీ చప్పుడు లేదు, అప్పుడు ఏడుపొచ్చింది. మొన్నామధ్య ఆవిడింట్లో టీవీలో పాత సినిమా వస్తుంటే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీద నేను గలగలా మాట్లాడుతున్నాను, చాప మీద నేను నోరు మూసుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక ఆవిడ నా మోకాలు మీద చెయ్యి వేసింది.

"నీ మొక్కు ఎప్పుడు తీరుతది బిడ్డా? మాట లేక ఇల్లు బోసిపోతున్నది."

ఎంత ఒంటరిగా ఉందో చెప్పడానికి నాకింకో మాట దొరకలేదు, ఆవిడ మాటే రాశాను. నిజం చెప్తే నవ్వుతావు, ఆ పెట్టె వంట అయ్యాక బీప్ బీప్‌మని పిలుస్తుంది. ఈ గదిలో నన్ను పిలిచేది అదొక్కటే. అందుకే అవసరం లేకపోయినా పొద్దుటా సాయంత్రం ఏదో ఒకటి అందులో పెడుతున్నాను.

నీ ఉత్తరంలో ఇంకో సంగతి రాశావు. ఎవడో ఆకతాయి ఆదివారాలు ఫోను చేసి మాట్లాడకుండా ఊరుకుంటున్నాడని, అచ్యుతరామయ్య గారికి ఒళ్లు మండి ఎక్స్ఛేంజీలో ఫిర్యాదు చేస్తానన్నారని. ఆ ఆకతాయిని నేనే అమ్మా. ఎస్టీడీ బూతులోకి వెళ్లి, నంబరు తిప్పి, నువ్వు "హలో, ఎవరండీ" అనేది వింటున్నాను. నిన్న "ఎవరండీ, మా శ్యామల గాని చేయించిందా" అన్నావు. రిసీవరు చెవికి అదుముకున్నాను. నువ్వు ఇంకాసేపు మాట్లాడతావనుకున్నాను, కానీ "ఎవరూ పలకట్లేదండీ" అని ఆయనతో చెప్పి పెట్టేశావు.

వచ్చే నెల మొదట్లో ఆపరేషను. ఇంటివాళ్లు ఎవరైనా ఒకరు దగ్గరుండాలంటున్నారు. అది అయ్యాక గొంతు వస్తుందట, కానీ ఇదే గొంతు వస్తుందని చెప్పలేమన్నారు. బొంగురుగా రావచ్చు, మందంగా రావచ్చు. హీరోయిన్లకి పనికిరాకపోవచ్చు. మొదట్లో నా ఏడుపంతా దానికోసమే. దయ్యం సినిమాలో మిగిలిపోయిన రెండు సీన్లు ఇంకో అమ్మాయి చేత చెప్పించారని తెలిసి ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు భయం వేరు. నువ్వు నన్ను గొంతుతోనే గుర్తు పడతావు. హాల్లో చీకట్లో కూడా అలాగే గుర్తు పట్టావు. రేపు నేను కొత్త గొంతుతో అమ్మా అని పిలిస్తే, ఎవరండీ అని నువ్వడిగితే నేనేం చెయ్యను?

రమ్మని రాయడానికి ఇన్నాళ్లూ చేయి రాలేదు. హాస్టలు వదిలి రావడం నీకు కష్టమని తెలుసు, నా గురించి ఊళ్లో ఇంత గొప్పగా చెప్పుకున్నావని కూడా తెలుసు. ఇప్పుడు రాస్తున్నాను. వస్తావా?

జవాబు ఉత్తరంలో రాయకు, నేను అన్నాళ్లు ఆగలేను. ఈ ఆదివారం పదింటికి ఫోను మోగుతుంది. అవతల ఎవరూ పలకరు. పెట్టేయకు. ముందు వస్తావో లేదో చెప్పు. తర్వాత ఎప్పుడూ అడిగేవే అడుగు, తిన్నావా, పడుకున్నావా, తలకి నూనె పెట్టుకుంటున్నావా. జవాబు రాకపోయినా ఇంకోటి అడుగు. పిల్లల సంగతులు చెప్పు, అచ్యుతరామయ్య గారు విసుక్కున్నా సరే మాట్లాడుతూనే ఉండు. నేను వింటూ ఉంటాను.

ఇట్లు,
నీ మాట కోసం కాచుకుని ఉన్న
కూతురు,
శ్యామల