అరవైకి మార్చాక మిగిలిన యాభై ఎనిమిది

ఏమండీ,

మీరు పోయాక ప్లాంటు వాళ్లు మీ ఉద్యోగం నాకిచ్చారు. ఆ కంప్యూటరు పని ఇంకా సరిగా అర్థం కాకముందే రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి అరవైకి పెంచారు. మన ప్లాంటు కాలనీ రుఆబాంధాలో ఇంటింటా ఇదే మాట.

మీరు పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాములన్నిటిలోనూ ఆ అంకె విడివిడిగా ఉంది. కనబడిన ప్రతి 58నీ 60 చేసేశాను. మర్నాడు మా సెక్షన్ పెద్ద అప్పలరాజు గారు ప్రింటు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఏటమ్మా ఇది? సంతకం ఎట్టీ గీత కాగితం చింపే కాడికి పోనాది."

అక్కడ 58 వయసు కాదట, పేజీకి పట్టే వరసలట. రెండూ ఒకే అంకె అయితే నాకెలా తెలుస్తుంది? మిమ్మల్ని అడుగుదామని పక్కకి తిరిగాను కూడా.

ఇప్పుడు వయసుకో పేరు, వరసలకో పేరు పెట్టి ఒకే ఫైలులో రాశాను. ప్రోగ్రాములన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి. మొదట్లో నా కంటపడని ప్రోగ్రాము ఒక్కటి మాత్రం ఇంకా 58తోనే మిగిలింది. మీరు రిటైరై మన ఊరు బొబ్బిలి వెళ్లడానికి ఇంకెన్ని రోజులున్నాయో చూసుకోవడానికి రాసుకున్నది. నడిపితే ఇంకా లెక్క చెబుతూనే ఉంది.

దాన్ని ఫైలుకి కలిపితే మీ సర్వీసు పెరుగుతుంది, బొబ్బిలి రెండేళ్లు వెనక్కి పోతుంది. మీకేది ఇష్టమో తేలక పూటంతా అలాగే కూర్చున్నాను.

చివరికి కలిపేశాను. అందరికీ రెండేళ్లిచ్చి మీ ఒక్కరికీ ఇవ్వకపోతే బాగోదనిపించింది.

సత్యవతి