వత్తి అంటించే ముందు పిలుపు

బాపూ,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే, అంటే ఇవాళ, వరదకు కుంగిన మన వాగు వంతెనను పేల్చేశారు. నువ్వుంటే తప్పక చూసేవాడివనిపించి అమ్మను తీసుకెళ్లాను.

మిలిటరీ నుంచి వచ్చాక నువ్వు ఊళ్లో బావులు తవ్వేచోట బండలు పేల్చే మందు తోటాలు పెట్టేవాడివి. వత్తి అంటించే ముందు బావిలోకి వంగి, "లోపట ఎవరన్న ఉన్నరా?" అని మూడుసార్లు అరిచి, చెవి పెట్టి వినేవాడివి. "కప్పలున్నయి మిలిటరీ మామా, జర జల్ది అంటియ్యి!" అని రైతులు నవ్వేవారు.

ఇవాళ కాంట్రాక్టరు మనిషి ఒక్క ఈల వేసి బటన్ నొక్కాడు. దుమ్ము లేచింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"యుద్ధంల మీ బాపు గిట్లనే పేల్చిండు బిడ్డా. గుండ్లు తగిలి సగం ఇరిగిన బ్రిడ్జి. దుష్మన్లు దాటొద్దని ఆర్డర్ అట. పేల్చే ముందు పిలిచిండట."

"ఎవరూ లేరు కదా?"

"ఉన్నరు. మన జవాన్లే, అవతలి ఒడ్డుకు ఉండిపోయిండ్రు. 'ఆగుండ్రి, వస్తున్నం' అన్నరట. ఆఫీసర్ ఆగనియ్యలే."

బావిలో ఎవరూ లేరని తేల్చుకోవడానికే పిలుస్తావనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ బావుల్లో నువ్వు వింటున్నది ఏమిటో ఇప్పుడు తెలిసిందా, ఇప్పటికీ తెలియలేదా, చెప్పలేను. ఆ రోజు బటన్ నొక్కింది నీ చెయ్యేనా అని అడగబోయి ఆగిపోయాను.

దుమ్ము అణిగేదాకా అమ్మ కదల్లేదు. అవతలి ఒడ్డు కనబడ్డాక అంది: "ఎవ్వరు లేరు బిడ్డా. పోదాం పా."