నేనెత్తని చెయ్యి

చెల్లీ,

నాలుగింటికి పొదుపు సొసైటీవాళ్లు నీ సైకిలు రిపేరు షెడ్డు చూడటానికొస్తారు. అందులో ఉన్న నా పాత సామానంతా బయట పడెయ్. పానాలు గోడకి తగిలించు. నీ లోను పాసైంది.

నిన్న కమిటీలో నేను తప్ప అందరూ చెయ్యెత్తారు. "మా చెల్లెలికిది నాలుగు రోజుల సరదా" అన్నాను. పాలు పోసే బాబాయి లేచి, "మూడేళ్లుగా నా సైకిలు నడుస్తోందంటే ఆ పిల్ల చలవేనయ్యా. జామీను నేనుంటా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. రాత్రి నీకు చెబుదామంటే నోరు రాలేదు. వాళ్ల నోట వినేకన్నా నేనే చెప్పడం నయమని రాస్తున్నా.

అన్నయ్య

సైకిలు ఇంట్లోనే ఉందేంటనుకోకు. మొన్ననే నువ్వు బ్రేకులు మార్చిన బండి ఎక్కడానికి మొహం చెల్లక నడిచే వెళ్తున్నా.