కోరల మొకాల మగ్గులు

తాండూరు,
ఆదివారం.

అమ్మకు నీ బిడ్డ నాగరాణి దండాలు. నేను ఇక్కడ మంచిగున్న. నవాబుపేటల నువ్వు, తమ్ముడు మల్లేశ్ పానం మంచిగుండి, గొర్ల మందకు రోగం గీగం రాకుంట సల్లగున్నరనుకుంటున్న. ఫోన్ల నీకు సరిగ వినవడది గనుక, ఎప్పటి లెక్కనే ఉత్తరం రాస్తున్న.

నువ్వడిగినవాటికి ముందుగాల జవాబు చెప్త. యాళ్లకు తింటున్న. పప్పు మిల్లుల లెక్కలు రాసే కొలువు అట్లనే ఉన్నది. కందులొచ్చే దినాలు, దుమ్ముకు జర దగ్గు వస్తున్నది, ఫికర్ చెయ్యకు. తమ్ముడు చూసిన వికారాబాద్ కొలువు సంగతి ఇంక ఏమనుకోలే.

ఇగ మగ్గుల సంగతి. "ఇంట్ల గా కోరల మొకాలు ఎందుకే, నిద్రెట్ల పడ్తది" అని రాసినవు. మల్ల చెప్త. వాటిని టికి మగ్గులంటరు. పెద్ద సముద్రం నడుమ దీవులల్ల దేవుళ్లను కట్టెతోని చెక్కుతరు. అమెరికావోళ్లు ఆ మొకాలు చూసి మట్టితోని మగ్గులు చేసి, వాటిల మందు పోసుకొని తాగుతరు. దేవుని మొకంల మందేందని నువ్వు తిడ్తవు, నాకెరుకే. మనం పోచమ్మకు కల్లు సాక పొయ్యమా? నేనైతే మజ్జిగనే తాగుత.

మొదటిది హైదరాబాద్ల, పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజారుల దొరికింది. అది నవ్వుతున్నదో ఏడుస్తున్నదో సమజ్ కాలే, అందుకే తెచ్చుకున్న. అప్పటి సంది అదే పిచ్చి. ఇవి పోగుచేసేటోళ్ల గుంపు ఒకటి ఫోన్ల ఉన్నది. అమెరికాల వాళ్లు ఒకరింటికొకరు పోతరు, చూపిచ్చుకుంటరు, నవ్వుకుంటరు. నేను పొద్దుగాల చాయ్ తాగుకుంట ఆ ఫోటోలు చూస్త. వాళ్లకు నేనెవరో తెల్వది. ఇక్కడ నన్నెరిగినోళ్లకు అవేందో తెల్వది. మస్తు ఒంటరిగనిపిస్తదమ్మా.

ఒకటి చెప్పాలె, తిట్టకు. మిల్లుల పనిచేసే సింధుజ, రాధమ్మ వచ్చి మగ్గులన్ని చూసి మెచ్చుకున్నరని పోయిన ఉత్తరంల రాసిన గదా. అది అబద్ధం. ఎవ్వరు రాలే. పిలిచిన మాట నిజమే. సర్వపిండి చేసిన, నిమ్మకాయ షర్బత్ కలిపిన, మగ్గులు తుడిచి బల్ల మీద పేర్చిన. పొద్దుగూకేదాంక తలుపు తీసే పెట్టిన. తెల్లారి సింధుజ, యాదిమర్చిన అన్నది. రాధమ్మ గా మాట గూడ అనలే.

వచ్చింది ఒక్క శాంతవ్వ, మా ఇంటి ఓనరు. నీళ్ల మోటరు బంద్ చెయ్యమని చెప్పనీకి వచ్చింది. పక్క జాగల ఆమె కొత్తిల్లు కడ్తున్నది. బల్ల మీద అన్నిటికంటె పెద్దది, పండ్లు ఇకిలిచ్చేది, నేను శాన దినాలు ఎదురుచూసి అమెరికా నుంచి తెప్పిచ్చుకున్నది, అదే చేతిలకు తీసుకొని తిప్పి తిప్పి చూసింది. అమ్మా, నాకు పానం లేసొచ్చింది. ఎవరన్న అడిగితె చెప్దామని దాచుకున్న ముచ్చట్లన్ని నోట్లకొచ్చినయి.

"మంచి దిష్టి బొమ్మలు తెచ్చినవ్ బిడ్డా," అన్నది. "స్లాబ్ పోస్తున్నం. ఇది నేను కట్టుకుంట."

వద్దనలేకపోయిన. వచ్చిన ఒక్క మనిషిని గూడ ఎట్ల కాదంట? అది చాలదని సర్వపిండి గూడ కట్టిచ్చిన.

ఇప్పుడది బూడిద గుమ్మడికాయ పక్కన, సెంట్రింగ్ కట్టెకు నల్లదారంతోని ఏలాడుతున్నది. బండల లారీలోళ్లు తలెత్తి చూసి పోతరు. మిల్లు నుంచి వచ్చుకుంట నేను గూడ దాని కింద జరసేపు నిలవడ్త, ఎవరన్న అడిగితె చెప్దామని. ఎవ్వరు అడగరు. దిష్టి బొమ్మను ఏందని ఎవరడుగుతరు?

అమ్మా, నువ్వొకసారి రా. తమ్ముడు వికారాబాద్ల రైలెక్కిస్తడు, తాండూరు స్టేషన్ల నేనుంట. మగ్గులు మంచిగున్నయని అనకు. నీకు నచ్చవని నాకెరుకే. నా పక్కన కూసొని ఒక్కొక్కటి చేతుల పట్టుకో. "ఇదేంది బిడ్డా" అని అడుగు. గంతే.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే బిడ్డ,
నాగరాణి